సొరకాయ పద్ధతిలో హైకూ

ఐటీ కంపెనీలో బెంచీ అంటే కూర్చునే బల్ల కాదు. చేతిలో ప్రాజెక్టు లేనివాళ్ళని ఉంచే స్థితి. జీతం వస్తూనే ఉంటుంది, గుండె జారుతూనే ఉంటుంది. నేను దానిమీద రెండు నెలలుగా ఉన్నాను. నానక్‌రామ్‌గూడలోని మా తొమ్మిదో అంతస్తు కిటికీలోంచి ఎదుటి టవర్‌కి అద్దాలు బిగించడం చూస్తూ కాలక్షేపం చేసేదాన్ని. ఆ టవర్ పూర్తయింది, నా కాలక్షేపమూ పోయింది.

నా ఉద్యోగం టెస్టింగ్. ఇరవై ఏళ్ళుగా ఇంకొకరు కట్టినదాంట్లో పగుళ్ళు వెతకడమే నా పని. సొంతంగా ఒక ఇటుక పేర్చింది లేదు. అలాంటి నన్ను ఒకరోజు మేనేజరు పిలిచాడు.

"మేడం, మీకు తెలుగు బాగా వచ్చు కదా. హైకూ తెలుసా?"

"హైకా? ఎవరికండీ?" అన్నాను ఆశగా.

జీతాల పెంపు గురించి కాదని తేలడానికి అరనిమిషం పట్టింది. ఒక క్లయింటు క్యాలెండర్ వేస్తున్నారట. నెలకొక తెలుగు హైకూ చొప్పున పన్నెండు, అవి మనిషి కాకుండా మా చిన్న భాషా మోడల్, అంటే మాటలు నేర్చుకుని వాక్యాలు అల్లే ప్రోగ్రాం, రాయాలట. గడువు ఆరు వారాలు. వాళ్ళకి నచ్చితే తెలుగు మోడల్ పని మొత్తం మాకే వస్తుంది, దాన్ని నేనే చూసుకుంటాను. నచ్చకపోతే మళ్ళీ బెంచీ. అక్కణ్ణుంచి ఇంటికి ఎంతో దూరం ఉండదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ అనలేదు.

నన్నెందుకు ఎంచుకున్నారంటే, ఆఫీసులో ఎవరు మానేసినా వీడ్కోలు కార్డు మీద నాలుగు పంక్తులు నేనే రాస్తాను. నా సాహిత్య సేవ మొత్తం అలా వెళ్ళిపోయేవాళ్ళ చేతుల్లో పడి వెళ్ళిపోయింది.

మూడు పాదాలు, ఐదు, ఏడు, ఐదు అక్షరాలు. మొదట్లో అవి నాకు షిఫ్టు వేళల్లా కనిపించాయి. మోడల్‌కి చూపించడానికి మచ్చుకి కొన్ని నేనే రాశాను. ఆ తర్వాత పద్ధతి తేలికే. మోడల్ రాస్తుంది, మనుషులు ఒక్కో హైకూకి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేస్తారు, ఎక్కువ నక్షత్రాలు వచ్చిన దారిలో మోడల్ నడక నేర్చుకుంటుంది. నక్షత్రాలు వేయడానికి బెంచీ మీదున్న ఆరుగురిని ఇచ్చారు. శిక్షణ నడిపే ఇంజనీరు నిజాంపేట నుంచి వచ్చే అమ్మాయి; తక్కువ మాట్లాడి ఎక్కువ టైపు చేస్తుంది.

మూడు వారాలు గడిచాక మా మోడల్ ఇలా రాసింది:

వర్షం వచ్చింది
మనసు మురిసింది
ఎంత ఆనందం

అక్షరాల లెక్క సరిపోయింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, పట్టుకోవడానికీ ఏమీ లేదు. ఆ వారం అది రాసినవన్నీ ఇలాంటివే. ఎండొచ్చినా ఆనందమే, ఆకు రాలినా ఆనందమే. నక్షత్రాల పట్టిక తెరిచి చూస్తే పై నుంచి కింది దాకా నాలుగు, నాలుగు, నాలుగు. ఆరుగురిలో పెద్దాయన్ని పక్కకి పిలిచి అడిగాను, అన్నింటికీ నాలుగే ఏమిటని.

"ఐదేస్తే మస్కా కొట్టినట్టుంటది మేడం. మూడేస్తే రేపు క్యాంటీన్ల మీ మొహమెట్ల చూడాలె?"

"అవి నేను రాసినవి కాదండీ, మెషీన్ రాసింది!"

"మెషీనే. కానీ నేర్పింది మీరే కద. పిల్లగానికి మార్కులు తక్కువేస్తే టీచరమ్మకు కోపం రాదా?"

మొహమాటం అనే గుణాన్ని ఆరుగురు మనుషులు కలిసి ఒక యంత్రానికి విజయవంతంగా నేర్పేశారు. అది కూడా ఎవరినీ నొప్పించకుండా మూడు పాదాలు అనేసి తప్పుకుంటోంది. మిగిలింది మూడు వారాలు.

ఆ సాయంత్రం మణికొండలో మా వంటింట్లో ఆ వాన హైకూని మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడది మెదక్ వైపు, నాది ఏలూరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ దగ్గర నాకు దొరకనిది మొహమాటం ఒక్కటే. ఆఫీసులో నేను టెస్టర్‌ని, ఇంట్లో ఆవిడ.

"వానొచ్చింది, మురిసిండ్రు. మంచిదే. మరి బట్టలు తీసిండ్రా లేదా?" అంది.

నాకు పట్టరాని నవ్వొచ్చింది. పట్టువదలకుండా మోడల్ రాసినవాటిలో నాకు బాగా నచ్చిన ఇంకొకటి చదివాను. వెన్నెల వాన, హృదయ వీణ మీటె, మధుర గీతం.

"వీణె ఎవరింట్ల ఉన్నదే బిడ్డా? మనింట్ల ఉన్నది కుక్కర్. జర అది చూడు, మూడు కూతలయినయి."

పొయ్యి కట్టేశాను. ఆ వీణ నా మచ్చు హైకూల్లోంచి మోడల్ నేర్చుకున్నదని మాత్రం చెప్పలేదు.

ఆదివారం ఇద్దరం కూరగాయల బండి దగ్గరకి వెళ్ళాం. అత్తయ్య సొరకాయలు బేరమాడే తీరు వందసార్లు చూశాను గానీ ఎప్పుడూ గమనించలేదు. కాయ మంచిదా కాదా అని ఆవిడ ఎవరినీ అడగదు. చేతికొకటి తీసుకుంటుంది, గోరు ఆనించి చూస్తుంది, ఒకటి సంచిలో వేస్తుంది, రెండోది బండి మీద పెట్టేస్తుంది. ఆ రోజెందుకో అడిగాను.

"అదేం పాపం చేసిందండీ, అక్కడ పెట్టేశారు?"

"పాపమేంది? అది గూడ మంచిదే. గిది దానికన్న లేత."

బండామె కూడా నొచ్చుకోలేదు. మరో రెండు కాయలు అందించింది.

నేను బండి దగ్గరే నిలబడిపోయాను. మంచిదా అంటే మావాళ్ళంతా మంచిదే అంటారు. రెంటిలో ఏది లేత అంటే చెప్పక తప్పదు, చెప్పినా రెండోదాన్ని తిట్టినట్టు కాదు. సోమవారం పొద్దున్నే ఇంజనీరమ్మాయి కుర్చీ పక్కన వాలిపోయి నా ఆవిష్కరణ వివరించాను. నక్షత్రాలు తీసేద్దాం, హైకూలు జంటలుగా చూపిద్దాం, రెంటిలో ఒకటి ఎంచమందాం.

ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది. "మేడం, గట్లనే చేస్తరు చానామంది. ఇది కొత్తదేం కాదు."

"మరి మూడు వారాల కిందటే చెప్పలేదేం?"

"మీరు నక్షత్రాలన్నరు, నాకు మొహమాటమయింది."

అలా ఏడో బాధితురాలు కూడా దొరికింది. మా జట్టులో దానికి సొరకాయ పద్ధతి అని పేరు స్థిరపడింది. నేనిక్కడ సొరకాయ కోతలు కోయడం లేదు. పేరు పెట్టింది కూడా వాళ్ళే.

మేనేజరు అనుమతి తీసుకుని అత్తయ్యని కూడా మూడు రోజులు ఆఫీసుకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర మెడలో సందర్శకుల కార్డు వేస్తే, దాన్ని చీర కొంగు మీదికి సర్దుకుని, లిఫ్టులో అందరికీ కనిపించేట్టు నిలబడింది. గదిలో జంటలు పైకి చదివేవాళ్ళం. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. "మొదటిది. నాకు కనవడ్డది" అనేది, లేదా "రెండూ కనవడలే, ఇంకోటి చదువు" అనేది. ఆవిడ ధైర్యం చూసి మిగతా ఆరుగురికీ నోరు వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ గది కూరగాయల బజారైంది. "ఏ, గదెట్ల లేతదన్నా? ముదిరిపోయింది!" అని పెద్దాయన వాదిస్తుంటే, నేను వెనక కూర్చుని నేను నేర్పిన వీణ హైకూ ఓడిపోవడం చూశాను. ఏడుగురిలో ఒక్కరూ దానికి చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మళ్ళీ శిక్షణ ఇచ్చిన నాలుగో రోజున మోడల్ ఇది రాసింది:

ఖాళీ దండెంపై
చినుకులు ఆరేసి
వెళ్ళింది వాన

పైకి చదివాను. ఎవరూ ఎంచలేదు, జంటలో రెండోది చదవమని అడగలేదు. ఇంజనీరమ్మాయి టైపు చేయడం ఆపింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇగ దీనికి జోడీ ఎందుకు మేడం" అన్నాడు. ఆ యంత్రానికి దండెం తెలియదు, తడి తెలియదు. ఏడుగురు మనుషుల ఎంపిక మాత్రం దానికి అందింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, నా చేతిమీదుగా వచ్చినదాంట్లో పగులు వెతకాలనిపించలేదు.

గడువు రోజున క్లయింటు తరఫున ముగ్గురు వచ్చారు. పదకొండు హైకూలు సాఫీగా గడిచాయి. మే నెలది ఒక్కటే ఆగింది.

మిట్ట మధ్యాహ్నం
ఆగిన ఆటో నీడ
కుక్కా, డ్రైవరూ

"బాగుందండీ" అన్నాడు ముగ్గురిలో టై కట్టుకున్నాయన. ఆ 'బాగుందండీ' నాకు బాగా తెలుసు, దాని వెనకే 'కానీ' వస్తుంది. "కానీ మాది ప్రీమియం క్యాలెండర్. గోడమీద నెలంతా కుక్క, ఆటో అంటే... మారుద్దామా?"

మా మేనేజరు అప్పటికే తల ఊపడం మొదలుపెట్టాడు. నేనూ ఊపితే పన్నెండూ గట్టెక్కుతాయి, పని మాకే వస్తుంది. ఇన్నేళ్ళూ వద్దు అనడానికే జీతం తీసుకున్నాను గానీ, ఒకదానికోసం నిలబడి వద్దన్నది ఎప్పుడూ లేదు.

"మార్చొద్దండీ" అన్నాను. గొంతు నాదే. "మే నెలలో మన దగ్గర నీడే ప్రీమియం."

గదిలో ఎవరూ నవ్వలేదు. మేనేజరు నావైపు చూసిన చూపులో బెంచీ కనిపించింది. అప్పుడు నాకు వాదన కాదు, పద్ధతి గుర్తొచ్చింది. మే నెలకే మోడల్ రాసిన ఇంకోదాన్ని తెరమీద పక్కన పెట్టాను:

మామిడి పండ్లు
తియ్యని వేసవిలో
మధురానందం

"ఇదీ మంచిదేనండీ. నిర్ణయం మీదే. రెంటిలో ఏదో చెప్పండి చాలు."

ముగ్గురిలో పెద్దావిడ అప్పటిదాకా మాట్లాడలేదు. రెండింటినీ పెదవులు కదుపుతూ చదువుకుంది. "మామిడిపండు ప్రతి క్యాలెండర్లో ఉంటుందమ్మా" అంది మెల్లగా. "ఇవాళ నేను వచ్చేటప్పుడు మీ గేటు బయట ఆ ఆటోని చూశాను. కుక్కే లేదు." టై కట్టుకున్నాయన రెండుసార్లు ఆమెవైపు, ఒకసారి తెరవైపు చూసి, కలం మూత పెట్టేశాడు. పన్నెండూ ఉన్నవి ఉన్నట్టే అచ్చుకి వెళ్ళాయి. తెలుగు మోడల్ పని మాకు వచ్చింది. ఆరుగురిలో నలుగురిని నా జట్టులోకే అడిగి తెచ్చుకున్నాను, పెద్దాయనతో సహా.

ఇంటికొచ్చి చెప్పాను. గర్వం దాచుకోవడం నాకు చేతకాదు; చెప్పులు విడవకముందే మొదలుపెట్టి, పన్నెండూ వరసగా అప్పజెప్పాను. అత్తయ్య వేళ్ళు మడుస్తూ విన్నది. చివరి వేలు మడిచి, మొత్తం మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"మంచిగున్నయి. అన్నీ కనవడ్డయి. మరి అధిక మాసమొస్తే ఏం జేస్తరు?"

మర్నాడు ఆఫీసులో ఎవరూ అడగకుండానే పదమూడో దానికి జంటలు సిద్ధం చేశాను.