వైజాగ్‌వాలా ఆదిబాబు

మా ఆయనకు తెలుగు చదవడం రాదు. ఈ ముక్క ఇప్పుడు మా బస్తీ బర్మామైన్స్‌లో పాలవాడికి కూడా తెలుసు కాబట్టి మొదట్లోనే చెప్పేస్తున్నాను. మొన్న మాఘమాసం దాకా నాకూ ఆయనకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

తప్పు ఆయనది కాదు. మా మామగారు సముద్రం ఒడ్డున వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఈ హిందీ ఊరొచ్చి రైల్వే యార్డులో బొగ్గు ఎత్తారు. ఈయన ఇక్కడే పుట్టి, హిందీ బడిలో చదివి, వ్యాగన్లు బాగుచేసే కాంట్రాక్టు పనిలో ఫిట్టరయ్యాడు. ఇంట్లో మాట్లాడితే మాటొచ్చింది గానీ అక్షరం ఎక్కడినుంచి వస్తుంది? ఆ ముక్క నలుగురిలో ఒప్పుకుంటే పోయేది. ఒప్పుకోడే! మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె కావాలి మరి.

వీధిలో ఎవరికి తెలుగు శుభలేఖ వచ్చినా, ఊరినుంచి కాగితం వచ్చినా ఆదిబాబు దగ్గరికే. "కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది, రేపు సెప్తాను" అని జేబులో పెట్టుకొచ్చేవాడు. వంటింట్లో నేను చదివితే విని, మర్నాడు తనే చదివినట్టు చెప్పేవాడు. ఒకసారి తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి పంచాంగం చదవమన్నారు. వారం రోజులు నాచేత చదివించుకుని మొత్తం కంఠస్థం చేశాడు మహానుభావుడు. కాగితం పట్టుకుని గడగడా అప్పజెప్తుంటే, మధ్యలో ఎవరైనా ఆపి ఏదైనా అడుగుతారేమోనని నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు ఇదే భయం నాకు.

దీనికి తోడు పనిలో ఆయన పేరు వైజాగ్‌వాలా. సముద్రం గురించి గంటలు గంటలు చెప్పేవాడు. ఆయన చూసిన వైజాగేమిటంటే, ఆరేళ్లప్పుడు తాత దినాలకు వెళ్తూ ఆ స్టేషన్లో రైలు మారాడు. అంతే!

ఆదివారం ఆదివారం మా ఆయనా, పనిలో స్నేహితులూ సైకిళ్ల మీద తిరుగుతారు. జూబిలీ పార్కు, మాంగో వంతెన దాటి డిమ్నా చెరువు, అలా. ఈసారి వైజాగ్ వెళ్దాం, అక్కడ అద్దె సైకిళ్లు తీసుకుని మూడు రోజులు తిరుగుదాం, ఆదిభాయి ఉన్నాడుగా చూపించడానికి, అన్నారు. అన్నది సీతారాం. మా ఆయనకన్నా పెద్దవాడు, మంచివాడే, కానీ అతని చెవిన పడిన మాట సాయంత్రానికి బస్తీ అంతా తిరిగొస్తుంది. వాళ్లతో సౌరభ్ అని వెల్డింగు కుర్రాడు కూడా బయల్దేరాడు. వాడికి పెళ్లయి ఏడాది కాలేదు. వాడి భార్య రీనా మా పక్క వీధిలోనే ఉంటుంది.

"ఏటి మావా, నిజం సెప్పేసి ఎల్లొచ్చు కదా" అన్నాను.

"నువ్వూరుకోయే. బోర్డు కనబడితే ఫోటో తీసి నీకంపుతాను. నువ్వు హిందీ అచ్చరాల్లో రాసి పంపు. పెళ్లానికి ఫోటోలు పంపుతున్నాననుకుంటారు."

ఫోనే చదివిపెట్టే ఉపాయం ఉందట గానీ, బోర్డు ముందు ఫోను పట్టుకుంటే వాళ్లు చూసేస్తారని ఆయన బెంగ.

రెండు రోజులు నాకు వంట లేదు, నిద్ర లేదు. ఫోను టింగుమంటే గుండె జల్లుమనేది. ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి దగ్గరి బోర్డు. పార్కులో 'పచ్చికపై నడవరాదు'. కైలాసగిరి మెట్లు కాలినడకన ఎక్కుతూ మరొకటి. నేను రాసి పంపడం, ఆయన అక్కడ గొప్పగా చెప్పడం. సాయంత్రం ఫోన్లో ఆయన గొంతు వింటే మాత్రం నా కోపం కరిగిపోయేది. "శైలూ, కొండ మీంచి సూత్తే సముద్రం ఎంత ఉన్నాదనుకున్నావు! మా అయ్య ఈ నీళ్లొదిలేసి బొగ్గులోకెందుకొచ్చినాడే?" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మూడో రోజు ఆదివారం. పొద్దున్నే రీనా వచ్చి నా వంటింట్లో కూర్చుంది. సౌరభ్ ఫోను చార్జింగు అయిపోయిందట. "దీదీ, మీ ఫోన్లో చూస్తాను" అంది. ఎనిమిదింటికి మా ఆయన వీడియో కాల్ చేశాడు.

ఋషికొండ దాటి భీమిలి దారిలో సైకిళ్లు ఆపారట. సరుగుడు తోట, దాని వెనక ఖాళీ ఇసుక, సముద్రం. మనిషన్నవాడు లేడు, అంత దూరాన ఒక పడవ, వల బాగుచేసుకుంటున్న ఇద్దరు తప్ప. మా ఆయన మొహం నిండా చెమట, నవ్వు. ఆయన భుజం వెనకాల తుప్పుపట్టిన బోర్డు ఒకటి. సగం రంగు ఊడిపోయింది. ఆ వెనక మోకాలి లోతు నీళ్లలో సౌరభ్ గంతులేస్తున్నాడు.

"దేఖియే దీదీ, ఎలా ఆడుతున్నాడో!" అని రీనా పగలబడి నవ్వింది.

అప్పుడే సీతారాం గొంతు వినిపించింది, బోర్డు మీద ఏముంది ఆదిభాయి అని. మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అందులో ఆయనకు తెలిసింది ఒక్క అంకె. "భీమిలి పధ్నాలుగు కిలోమీటర్లు" అన్నాడు, హిందీలో, ధీమాగా. రెండు రోజుల్లో ధైర్యం వచ్చేసింది ఆయనకు. నాకు ఫోటో పంపలేదు.

నేను చదివాను. 'హెచ్చరిక. ఇచ్చట సముద్రంలో దిగరాదు. లోనికి లాగు ప్రవాహం కలదు. ఇప్పటివరకు మృతులు 14.'

"మావా!" అన్నాను. అవతల గాలి హోరు. "ఏటే? ఇనబడట్లేదు. ఇదిగో, సీతారాంతో మాటాడు, నానూ దిగుతాను" అని ఫోను అతని చేతిలో పెట్టేసి వెళ్లిపోయాడు. తెర మీద సీతారాం మొహం వచ్చింది.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. చెప్పక తప్పదు.

సీతారాంకు తెలుగు రాదు. అతనితో హిందీలోనే చెప్పాలి. బోర్డు మీద ప్రమాదమని ఉంది అంటే, మరి ఆదిబాబు ఇప్పుడే భీమిలి అన్నాడేమిటి అంటాడు. ఇంకేముంది, ఇరవై రెండేళ్లు దాచింది పోయినట్టే. శుభలేఖలు, పంచాంగం, అంతా. ఇదంతా ఆలోచించానని కూడా అనలేను, ఒక్కసారిగా మీద పడింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "భాయిసాబ్, ఫోను ఆయనకివ్వండి, కొంచెం పనుంది."

"అరే భాభీ, ఇప్పుడే దిగాడు. కాసేపు ఆడుకోనివ్వండి."

"కాదు, ఆయనకే ఇవ్వండి. ఆయనతోనే మాట్లాడాలి."

సీతారాం నవ్వాడు. వైజాగ్‌వాలా మిమ్మల్ని కూడా తీసుకురావాల్సింది అన్నాడు. తెరలో అతని చెవి పక్కనుంచి నాకు సముద్రం కనిపిస్తోంది. సౌరభ్ నడుము లోతుకు వెళ్లాడు. ఒక కెరటం వచ్చింది. తల కనబడలేదు. మళ్లీ కనబడింది, ఇంకా దూరంగా.

రీనా నవ్వు ఆగిపోయింది. లేచి నిలబడింది.

అప్పుడు అరిచాను. "ఆయనకు తెలుగు చదవడం రాదు! ఆ బోర్డు మీద పధ్నాలుగు మంది చచ్చిపోయారని ఉంది! సౌరభ్‌ని పట్టుకోండి!"

ఫోను ఇసుకలో పడిపోయింది. ఆ తర్వాత తెర నిండా ఆకాశం. కేకలు, కెరటాల మోత. మా ఆయన "సౌరభ్, సౌరభ్" అని అరుస్తున్నట్టు వినిపించింది. కాల్ తెగిపోయింది.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. రీనా నా చెయ్యి పట్టుకుంది. దాని గోళ్లు దిగబడ్డాయి, నొప్పి కూడా తెలియలేదు. "దీదీ, ఏం కాదు కదా, ఏం కాదు కదా" అంటోంది. ఓలమ్మో, నేనేం చెప్పను? మా పైడితల్లికి మొక్కాను. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయాయి. పదిహేడుసార్లు ఫోన్ చేశానని తర్వాత చూస్తే తెలిసింది.

ఇరవై నిమిషాలకు మా ఆయన చేశాడు. "ఉన్నాడు. బతికున్నాడు" అన్నాడు. వల దగ్గరి ఇద్దరు మనుషులు తాడూ, వలకు కట్టే తేలుడు బెండ్లూ తీసుకుని పరుగెత్తుకొచ్చారట. మా ఆయన మెడలోతు నీళ్లలో ఆ తాడు పట్టుకుని నిలబడ్డాడు. సౌరభ్ కడుపులోంచి నీళ్లు కక్కి, కాసేపటికి మాట్లాడాడు. రీనా అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది.

వాళ్లు తిరిగొచ్చిన మూడో రోజు సాయంత్రం రీనా గిన్నెడు ఖీరు పట్టుకొచ్చింది. నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. "దీదీ, చూసిన మరుక్షణం అరిచారు మీరు. పరువు అని కూడా చూసుకోలేదు. ఒక్క సెకను ఆగి ఉంటే నాకెవరున్నారు?" అంది.

మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. రీనా వెళ్లిపోయింది. వీధి నవ్వుతుందనే భయం ఉన్నవాడు, మూడు రోజులుగా అందరూ ఆటపట్టిస్తున్నా కిక్కురుమనని వాడు, అప్పుడు నోరు విప్పాడు.

"సీతారాం సెప్పినాడు. ముందు రెండుమాట్లు నాకే ఫోనియ్యమన్నావంట."

నేను ఖీరు గిన్నె పొయ్యి పక్కన పెట్టాను.

"నా కోసమే అడిగినావు. నాకెరికే. ఆ గుంటడు పోయుంటే, మిగిలిన పరువుతో నానేటి సేసుకుందునే?" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

ఖీరు అలాగే వేరే గిన్నెలోకి ఒంపి, రీనా గిన్నె కడిగాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని అందులో గుప్పెడు పంచదార వేసి పక్క వీధికి నడిచాను. ఎందుకెళ్తున్నావని ఆయన అడగలేదు.

తలుపు రీనాయే తీసింది. లోపల సౌరభ్ దగ్గుతున్నాడు. నీళ్లు తాగిన ఊపిరితిత్తులు ఇంకా సర్దుకోలేదట. నన్ను చూసి రీనా మొహం వెలిగిపోయింది. "రండి దీదీ" అని గిన్నె అందుకోబోయింది.

"రీనా, నేను వెంటనే చెప్పలేదు" అన్నాను. "మొదటే చదివాను. మా ఆయన పరువు పోతుందని ఆగాను."

గిన్నె దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగింది. నెమ్మదిగా వెనక్కి వెళ్లిపోయింది.