ఏడో బావిలో నీళ్ళు లేవు

మా ఊళ్ళో ఎవరినన్నా కుక్క కరిస్తే ముందు కుక్కను చంపేవాళ్ళు. తర్వాత కాటు పడ్డ మనిషిని ఏడు బావుల దగ్గరికి తిప్పేవాళ్ళు. బావిలోకి తొంగి చూస్తే నీళ్ళలో తన మొహం కనపడాలి. కుక్క మొహం కనపడిందా, ఇక ఆశ వదులుకోవాల్సిందే. ఏడు బావుల్లోనూ తన మొహమే కనపడితే విషం దిగిపోయినట్టు లెక్క. హిందువులకైనా, మాలాంటి క్రైస్తవులకైనా అదే వైద్యం. మా అమ్మ ప్రతి బావి దగ్గరా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది, అంతే తేడా.

మా తమ్ముణ్ణి కరిచినప్పుడు వాడికి ఏడేళ్ళు, నాకు పది. ఏభైల నాటి మాట, నడి ఎండాకాలం. సాగర్ కాలవ రాకముందు పల్నాడులో ఎండాకాలమంటే బావుల అడుగున బురదే. ఆరు బావుల్లో ఎట్లాగో కాసిని నీళ్ళు కనపడ్డాయి. ఊరి చివరి ఏడో బావి ఎండిపోయి ఉంది. అమ్మ ఆ బురదనే వాడికి చూపించి, "చూశావుగా, అయిపోయింది, పద" అని ఇంటికి తీసుకొచ్చింది. నెల తిరిగేసరికి తమ్ముడు నీళ్ళచెంబును చూసి కేకలు పెట్టాడు. మూడో రోజున పోయాడు.

ఆ తర్వాత అమ్మ ఆ బావి వైపు నడవలేదు. పైకి ఎవరితోనూ ఏమీ అనేది కాదు. నాతో మాత్రం, పొయ్యి దగ్గర ఉన్నట్టుండి, "నీళ్ళున్న బావి చూపించకుండా బురద చూపించానే. నా బిడ్డను నేనే చంపుకున్నా" అనేది. ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. నాన్న పోయాక, నా దగ్గరికి వచ్చి ఉన్నాక కూడా అంటూనే ఉంది.

నేను ట్రైనింగ్ చదివి ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లోనే పంతులమ్మనయ్యాను. గ్రహణం ఎందుకు పడుతుందో దీపమూ బత్తాయికాయా పెట్టి పిల్లలకు చూపించేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులే మరి! ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎవరన్నా తుమ్మితే వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగిగానీ కదిలేదాన్ని కాదు. కుడికన్ను అదిరితే, మాచర్ల వైపు కాలవ పనిలో ఉన్న మా ఆయనకు ఏమయిందోనని రోజంతా గుండె పీకేది. కన్ను అదిరినా ఏమీ కాని రోజులు ఎన్ని ఉన్నాయో ఒక్కటీ గుర్తులేదు. అదిరిన మర్నాడు ఆయనకు జ్వరమని జాబొచ్చిన ఒక్క రోజు మాత్రం బాగా గుర్తుంది.

అరవైల్లో, ఒక ఎండాకాలం సెలవుల్లో, నా కూతుర్ని పక్కింటి మామ కుక్క కరిచింది. దానికి ఐదేళ్ళు. పిక్క మీద రెండు పళ్ళు దిగాయి. కుక్క తింటున్న ముద్ద దగ్గరికి పోయిందో, తోకే తొక్కిందో, ఎవరూ అడగలేదు. అమ్మ పరుగెత్తుకొచ్చి గాయంలో ఇంత మిరపకారం అద్దింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చంకనేసుకుని, "పదవే, బావులు చూపిద్దాం పద" అంది. నేనూ వెళ్ళాను. పంతులమ్మను, నోరెత్తకుండా వెళ్ళాను. తమ్ముడి కేకలు చెవిలో గింగురుమంటుంటే ట్రైనింగులో చదివింది ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

ఆరు బావులు అయ్యాయి. ప్రతి బావి దగ్గరా పిల్లను నడుం పట్టుకుని వంచాను. "ఏం కనపడుతోందే?" అని అమ్మ అడగడం, "నేనే" అని పిల్ల అనడం, నేను ఊపిరి వదలడం. ఏడో బావి దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఒడ్డు మీదే కూలబడింది. ఆ బావే. మళ్ళీ ఎండిపోయి ఉంది.

"ఇదేందే, మళ్ళా ఇదే బావి! పక్కూరు బోదాం పద. రెండు మైళ్ళే. అక్కడ నీళ్ళున్న బావి ఉంది" అని నా చెయ్యి పట్టుకుని లాగింది.

మూడింటికి రొంపిచర్ల మీదుగా పేటకు, అంటే నరసరావుపేటకు, బస్సు ఉంది. పక్కూరు పోతే బస్సు పోతుంది. నేను పిల్లను లాక్కుని బస్సు రోడ్డు వైపు పరుగెత్తాను. అది తెలివి అని ఎవరన్నా మెచ్చుకుంటే నేను ఒప్పుకోను. ఆ ఎండిన బావి అంటే భయం, అంతే. వెనక నుంచి అమ్మ, "ఒసేయ్, ఏడోది చూపించకుండా పోతున్నావే! దీన్ని కూడా చంపుకుంటావటే!" అని అరుస్తూనే ఉంది.

బస్సులో పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. అప్పుడు నాకొక సంగతి తోచింది. తమ్ముడు ఆరు బావుల్లోనూ తన మొహమే చూశాడు. ఆ రాత్రి పక్కలో పడుకుని వాడే నాకు చెప్పాడు. ఆరుసార్లు విషం లేదని చెప్పిన బావులు, వాడి ఒంట్లో పెరుగుతున్నదాని గురించి ఒక్కటీ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా అమ్మా నేనూ ఆ ఏడోదాన్ని పట్టుకుని ఏడ్చాం గానీ, ఆ ఆరింటి సంగతి అడగలేదు.

పేటలో ఆస్పత్రి డాక్టరుగారు పెద్దాయన. గాయంలో కారం చూసి, "మీ పల్నాడోళ్ళకు ప్రతిదానికీ కారమేనా!" అని విసుక్కుంటూ సబ్బుతో చాలాసేపు కడిగించారు. బావుల సంగతి ఆయన అడగలేదు. ఒక్కటే అడిగారు.

"కుక్క బతికుందా?"

"ఈపాటికి చంపేసుంటారండీ" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచారు. "చంపితే మనకేం తెలుస్తుందమ్మా? పిచ్చికుక్కయితే పది రోజుల్లో అదే చస్తుంది. పదో రోజున అది తిని తిరుగుతోందంటే దానికి పిచ్చి లేనట్టే, మీ పిల్లకు భయం లేనట్టే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వెయ్యాలి. ఈ మందుతోనే కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళున్నారు, అరుదుగానే అనుకో. అక్కర్లేకపోతే ఒక్కటి కూడా ఎక్కువ పొడవను. పో, ఆ కుక్కను కట్టేసి కాపాడుకో. నీ పిల్ల సంగతి చెప్పగలిగింది అదొక్కటే."

మొదటి సూది వేస్తున్నప్పుడు పిల్ల చేతులు నేనే పట్టుకున్నాను. అయిపోయాక ఉండబట్టలేక అడిగాను. "ఈ సూదులు పదిహేనేళ్ళ కిందట కూడా ఉన్నాయాండీ?"

"నేను చదువుకునే రోజుల్నుంచీ ఉన్నాయి. ఇక్కడే వేసేవాళ్ళు" అన్నారు.

ఆ మాటను దిగమింగి బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ప్రార్థన, ప్రభువా, ఆ కుక్కను చంపకుండా ఉంచు అని. బిడ్డను కరిచిన కుక్క నిండు నూరేళ్ళు బతకాలని కోరుకున్న తల్లిని నేనొక్కదాన్నేనేమో!

బస్సు దిగేసరికి చొప్పవామి దగ్గర జనం. కర్రలు పట్టుకుని నలుగురు. పక్కింటి మామ కుక్క మెడకు తాడేసి నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "నువ్వొచ్చిందాకా ఆగమన్నానమ్మాయ్. నీ కళ్ళముందరే ఏసేత్తాం" అన్నాడు.

"నీకు దణ్ణం పెడతా మామా, దాని జోలికి పోవద్దు!"

"ఏందీ?"

"అది బతకాలి. పది రోజులు బతకాలి. గొలుసేసి కట్టెయ్యి, తిండి నేను పెడతా."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పాపం, బిడ్డ మీద బెంగతో మతి పోయినట్టుంది" అని ఒకామె అనడం నాకు వినపడింది. మామ మాత్రం కాసేపు గడ్డం గోక్కుని కుక్కను లాక్కెళ్ళి వామి పక్కన గుంజకు కట్టేశాడు.

ఆ పది రోజులు నేను బతికిన బతుకు పగవాళ్ళకు కూడా వద్దు. తెల్లవారగానే కుక్క దగ్గరికి. కర్రతో మట్టి మూకుడు ముందుకు తోసి, నీళ్ళు తాగుతుందా లేదా అని చూడటం. తర్వాత పిల్లను తీసుకుని పేట బస్సు. బొడ్డు చుట్టూ ఆ పసిపొట్ట గట్టిపడి వాచింది. తిరిగొచ్చి మళ్ళీ కుక్క దగ్గరికి. గోడ మీద సుద్దముక్కతో రోజుకొక గీత గీశాను. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

నాలుగో రోజు పొద్దున కుక్క నీళ్ళు ముట్టలేదు. మూకుడు వైపు చూసి మొహం తిప్పుకుంది. తమ్ముడూ, చెంబూ, ఆ కేకలూ. "మామా! మామా!" అని నేను అరిచిన అరుపుకు మామ పంచె సర్దుకుంటూ వచ్చాడు.

"నీళ్ళు తాగట్లేదు మామా, దానికి పిచ్చే!"

"పిచ్చా నా బొందా! ఇప్పుడేగా మీ అత్త కడివెడు గంజి పోసింది. ఇంకేడ తాగుద్ది?" అన్నాడు.

అక్కడే చతికిలబడి నవ్వాను, ఏడ్చాను. ఆనాటి నుంచి ఇప్పటిదాకా భయం పుట్టినప్పుడల్లా ముందు ఆ గంజి కడవను తలుచుకుంటాను. ఇంకేదన్నా కారణం ఉందేమో అని ఒక్కసారి అడిగి చూస్తాను. భయం పోదు. కాస్త ఆగుతుంది, అంతే.

ఆరో రోజు మళ్ళీ మనసు పీకింది. పక్కూరి బావి చూపిస్తే పోయేదేముంది, రెండు మైళ్ళేగా అని పిల్లకు చెప్పులు కూడా తొడిగాను. గడప దాటాక ఆగిపోయాను. ఇప్పుడు చూపిస్తే, పిల్ల బతికినా ఆ బావి వల్లనే అనుకుంటాను. రేపు దీనికి పుట్టే పిల్లల్ని కూడా బావుల చుట్టూ తిప్పుతాను. చెప్పులు విప్పేశాను. విప్పినందుకు ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

గోడ మీద పదో గీత గీసిన రోజు కుక్క నన్ను చూసి తోక ఊపింది. జొన్న సంకటి ముద్ద పెడితే రెండు గుటకల్లో మింగి ఇంకా పెట్టమని చూసింది. మర్నాడు డాక్టరుగారు, "ఇక రావద్దు, పో" అన్నారు. మామ గొలుసు విప్పితే అది ఒళ్ళు విదిలించుకుని, మా ఎవ్వరినీ లెక్కచెయ్యకుండా చేల వైపు ఉరికింది.

నేను ఇంటికి పరుగెత్తాను. అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది.

"చూశావా అమ్మా! ఏడో బావి చూపించకపోయినా దీనికేం కాలేదు. ఆ బావుల్లో ఏమీ లేదు. తమ్ముడు పోయింది నువ్వు బురద చూపించినందుకు కాదు. ఇన్నేళ్ళూ ఊరికే ఏడ్చావు!"

ఆమె గుండె మీది బండ దించేశాననుకున్నాను. అంత గర్వంగా ఉంది నాకు.

అమ్మ చేతులు ఆగాయి. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అయితే ఆ రోజు ఆ బావుల చుట్టూ తిప్పకుండా పేట తీసుకుబోయుంటే పిలగాడు బతికేవోడా?"

ఒక బండ దించి అంతకన్నా పెద్దది ఎత్తి పెట్టాను, అదీ నా చేతులతో. డాక్టరుగారి మాట నా నాలుక చివరే ఉంది.

"లేదమ్మా" అన్నాను. "అప్పుడు పేటలో ఆ సూదులు లేవు. ఈ మధ్యనే వచ్చాయంట."

"నిజమేనా?"

"ప్రభువు తోడు."

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసి, మళ్ళీ కందులు ఏరుకోవడం మొదలెట్టింది.

ఆ తర్వాత అమ్మ నోట ఏడో బావి మాట రాలేదు. ఊళ్ళో ఎవరినన్నా కుక్క కరిచిందంటే చాలు, అందరికన్నా ముందు ఆమే వెళ్ళేది. కర్రలు పట్టుకున్నవాళ్ళకు అడ్డం నిలబడి, "కుక్కను చంపబాకండి. బావులూ గీవులూ అని తిరక్కుండా పిల్లోణ్ణి తీసుకుని పేట బొండి. ఇప్పుడు సూదులొచ్చినాయి. మా రోజుల్లో లేవు గానీ, ఉంటే నేను తీసుకుబోకుండా ఉండేదాన్నా?" అనేది.