మోకాటి లోతు అంటే కొంచెమే

నా అర్జీ మీద టీ గ్లాసు పెట్టిన మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. వార్డు ఆఫీసులో కిటికీ పక్క బల్ల ఆయనది. కుర్చీ ఖాళీగా ఉన్నా నన్ను కూర్చోమనలేదు. కాగితం తీసుకుని, చదవకుండానే బల్ల మీద పరిచి, దాని మీద గ్లాసు పెట్టి, "మీ ఏరియా పల్లం సార్, ఏం చేస్తాం" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద ఇంకో అర్జీ పెట్టాను. దానికి జవాబు రాలేదు. రాలేదని మూడోది పెట్టాను. ఇలాంటివి నేను మరిచిపోను. మరిచిపొమ్మని చెప్పినవాళ్ళను కూడా మరిచిపోను.

మాది తమిళనాట, వ్యాసర్పాడిలో రైలు పట్టాలకు ఇవతల ఒక సన్నటి వీధి. మా తాత కాలం నుంచీ అక్కడే ఉన్నాం. నేను తెలుగు మీడియం బడిలో లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యాను. ఆ బడి ఇప్పుడు లేదు. అది వేరే ఫిర్యాదు, ఇక్కడ రాయను. ఇంట్లో నేనూ, నాకంటే ఆరేళ్ళు పెద్దదైన మా అక్కా ఉండేవాళ్ళం. తుంటి ఎముక విరిగి లోపల కమ్మీ వేశాక అక్క వాకర్ పట్టుకుని మంచం నుంచి వంటింటి దాకా నడిచేది, వంటింటి నుంచి మంచానికి వచ్చేది. పై వాటా వేరేవాళ్ళది. దానికి మెట్లు బయటి నుంచి నిటారుగా ఉంటాయి. అక్క వాటిని ఎక్కలేదు.

అందుకని వానాకాలం వస్తే మా ఇంట్లో ప్రశ్న ఒక్కటే. నీళ్ళు గడప దాటితే అక్కను ఎక్కడ పెట్టాలి? దాటకుండా ఉండాలంటే వీధి చివర, కాలువ గట్టు దగ్గర ఒక మోటారు పెట్టి తోడాలి. ఇన్నేళ్ళ నా అర్జీలలో నేను అడిగింది ఆ ఒక్క మోటారే.

కిందటి ఏడాది ఎండాకాలంలో ఒక అమ్మాయి మా వీధికి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో టాబ్. ఊరంతా వరద నీళ్ళను గమనించే కొత్త ఏర్పాటు ఒకటి వస్తోందని, దానికి తాను ఇంజనీరునని చెప్పింది. వాళ్ళది మైలాపూరులో పాతకాలం తెలుగు కుటుంబమట. "తెలుగు మాట్లాడ వస్తాది సార్, చదవను రాదు" అంది. ఆ మాటకు నాకు కోపం రాలేదు, బాధ వేసింది. నా బడి ఉండి ఉంటే నేర్పేవాణ్ణి.

లోపలికి పిలిచి కుర్చీ వేశాను. మజ్జిగ ఇచ్చాను. మా వీధి మొగలో కరెంటు స్తంభానికి నీటిమట్టం కొలిచే పరికరం బిగిస్తారట. అది సెంటీమీటర్లు చెబుతుంది. కాని సెంటీమీటర్లు చూసి మోటారు ఎక్కడికి పంపాలో యంత్రం నిర్ణయించలేదట. ఎంత నీళ్ళయితే ఎక్కువో, ఎంతయితే కొంచెమో దానికి మనుషులు చెప్పాలి. దీన్ని ఫజీ లాజిక్ అంటారని చెప్పింది. మసక తర్కం అనుకున్నాను నేను.

"ముప్పై ఏళ్ళు నేను పిల్లలకు సమితులు చెప్పానమ్మా. మూలకం సమితిలో ఉంటుంది, లేదా ఉండదు. మధ్యలో వేలాడదు" అన్నాను.

"ఈడ వేలాడతాది సార్," అంది నవ్వి. "నలభై సెంటీమీటర్లయితే ఎక్కువ, ముప్పై తొమ్మిదయితే కాదు అని గీత గీసేస్తే, ఒక్క సెంటీమీటరుకు ఒక వీధికి మోటారు వచ్చి పక్క వీధికి రాకుండా పోతాది కదా? అందుకని ఇది 'ఎక్కువ'లో ఇంత భాగం, 'మధ్యస్థం'లో ఇంత భాగం అని పెడతాం. ఆ భాగాలు మేం ఆఫీసులో కూర్చొని కల్పించం. ఆ వీధివాళ్ళనే అడగతాం. మీ నీళ్ళ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాది?"

నా పాఠం తప్పని చెప్పినట్టే అనిపించింది. అది కూడా మనసులో పెట్టుకున్నాను.

మంచం మీద నుంచి అక్క అందుకుంది. "దాంట్లో తెలీకపోయేదానికి ఏముండాదిరా? జరం కొంచెముండాది అంటాం, బాగా కాస్తా ఉండాది అంటాం. డాక్టరు అట్ట అడిగే గదా మందిచ్చేది. ఆ పాప చెప్పింది నాకు అర్థమైంది. నీకెందుకు కాలేదు?"

"సూపర్, పాటీ!" అంది ఆ అమ్మాయి, అవ్వను తమిళంలో పిలుస్తూ. నన్ను అలా మెచ్చుకోలేదు.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. లోపల ఎంత మొత్తుకున్నా, బయటివాళ్ళ ముందు మావాళ్ళెవరూ నీళ్ళ మాట ఒప్పుకోరు. నీళ్ళొచ్చే వీధి అని పేరు పడితే వాటాల్లోకి అద్దెకు రారు, పిల్లలకు సంబంధాలు రావు. పెళ్ళిచూపులు మార్చి నుంచి మే లోపలే పెట్టుకుంటారు. గోడల మీద నీటి చారలు కనబడకుండా అంతకు ముందే సున్నం వేయిస్తారు. ఈ పద్ధతిని తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకసారి నా అర్జీ ఫొటోతో సహా పేపర్లో పడింది. ఆ ఫొటోలో ఎదురింటి గేటు సగం దాకా నీళ్ళలో ఉంది. ఎదురింటాయన కొడుక్కు కుదరబోయిన సంబంధం అందువల్లే తప్పిపోయిందని ఆయన నమ్మకం. ఆ పిల్లవాడికి తర్వాత పెళ్ళయింది, నన్ను పిలవలేదు. వీధి మొత్తానికీ విస్తరి వేశారు. నా ఇంటికి మాత్రం పత్రిక రాలేదు.

ఆ రోజు ఆ ఎదురింటాయన కూడా ఎవరో ఆఫీసు అమ్మాయి వచ్చిందని తెలిసి మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మాయి టాబ్‌లో ఒక మనిషి బొమ్మ చూపించింది. చీలమండ, పిక్క, మోకాలు, తొడ, నడుము దగ్గర అడ్డగీతలున్నాయి. ఒక్కో గీతకూ కొంచెం, మధ్యస్థం, ఎక్కువ, చాలా ఎక్కువ అనే నాలుగింటిలో ఒకటి ముట్టుకోవాలి.

ఎదురింటాయన నన్ను దాటి ముందుకు వంగి, "మా ఈదిలో నీళ్ళేందమ్మా? వస్తాది, పోతాది. మోకాటి దాకా అంటే అది కొంచెమే. రాసుకో" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అబద్ధం అని చెప్పబోయాను. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్న కోసమే కాచుకున్నాను కదా. అంతలో ఆ అమ్మాయి గోడ మీద సున్నం కింద నుంచి కనిపిస్తున్న పాత నీటి చారను చూసింది, అక్కను చూసింది, ఇటు తిరిగి, "అయ్యో పాపం సార్, మీరంతా ఈడ ఎట్ట ఉంటారు?" అంది.

ఆ పాపం అనే మాట నాకు టీ గ్లాసు కంటే ఎక్కువ తగిలింది. మా తాత కట్టిన ఇల్లు అది. నాలుగు తరాలవాళ్ళు ఆ గదుల్లో పుట్టారు. మైలాపూరు నుంచి వచ్చిన పిల్ల, నా మజ్జిగ తాగి, నన్ను పాపం అంటుందా?

"పాపమేందమ్మా? మోకాటి లోతు మాకు ఒక లెక్క కాదు" అన్నాను. అని, నా వేలితోనే 'కొంచెం' మీద ముట్టుకున్నాను. తొడ దగ్గర 'మధ్యస్థం' ముట్టుకున్నాను. ఎదురింటాయన ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి నన్ను చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు సంతోషం కలిగించిందని రాయడానికి సిగ్గుగా ఉంది, కాని కలిగించింది.

ఆ అమ్మాయి వెళ్ళాక అక్క నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "నీళ్ళకన్నా నీ రోషమే లోతురా" అంది.

కార్తీకంలో వాయుగుండం వచ్చింది. రెండు రోజులు విడవకుండా వాన పడింది. మొదటి రోజు మధ్యాహ్నానికి వీధిలో మోకాటి లోతు నిండింది. కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు మర్యాదగానే మాట్లాడాడు. వాడు మర్యాదగా మాట్లాడటానికే నాకు భయం వేసింది.

"సార్, మీ వీధి స్క్రీన్ మీద కనిపిస్తా ఉండాది. కొంచెం పాయింట్ ఏడు, మధ్యస్థం పాయింట్ మూడు. కంగారు పడబాకండి."

"నాయనా, నేను నీళ్ళలో నిలబడి మాట్లాడుతున్నాను."

"తెలస్తాది సార్. కాని మోటార్లు ఎక్కువ అని పడిన వీధులకు ముందు పోతాయి. మీకంటే తక్కువ నీళ్ళున్న ఈదులకే ఎక్కువ అని వస్తా ఉండాది. ఏమో మరి, ఆడి జనం అట్ట చెప్పుంటారు."

ఆ జనం తప్పు చేయలేదు. పిక్కల దాకా నీళ్ళొస్తే పిక్కల దాకా వచ్చిందని, తమకు అది ఎక్కువేనని చెప్పారు. నిజం చెప్పడం అంత తేలిక అని నాకు తెలియదు.

సాయంత్రానికి నీళ్ళు గడప దాటాయి. పై వాటా అబ్బాయీ నేనూ అక్క మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టాం. మర్నాడు పొద్దున ఇంకో వరుస పెట్టాం. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. వాకర్ మంచం మీదే, ఆమె ఒళ్ళో ఉంది. మరుగుదొడ్డికి దారి లేదు. ఆ వయసులో, ఆ మనిషి, తమ్ముడి ముందు పడిన అవస్థ నేను రాయను. నేను పంపిన అర్జీలలోనూ దాన్ని ఎప్పుడూ రాయలేదు. రాసి ఉండాల్సిందేమో.

మధ్యాహ్నం మాధవరం నుంచి అక్క కూతురు వచ్చింది, తొడ లోతు నీళ్ళలో నడుచుకుంటూ. తలుపు దగ్గర నిలబడి నన్ను దాటి అక్కను చూసింది. "అమ్మా, పోదాం" అంది అంతే. అక్కను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు కుర్చీని భుజాలకెత్తుకుని మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళారు. వీధంతా మేడల మీద నుంచి చూసింది. ఎదురింటాయన పై నుంచి, "జాగ్రత్త అక్కా, జాగ్రత్త" అని అరిచాడు. ఆమె తల ఎత్తలేదు.

మోటారు నాలుగో రోజు వచ్చింది. అప్పటికి నీళ్ళు వాటంతట అవే దిగుతున్నాయి.

వారం తర్వాత ఆ వరద ఏర్పాటువాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. ఈసారి కుర్చీ ఇచ్చారు. ఆ అమ్మాయే వచ్చి ఎదురుగా కూర్చుంది. జరిగింది చెప్పాను. నేను ముట్టుకున్నది తప్పని, రోషం కొద్దీ ముట్టుకున్నానని, ఆ జవాబు తీసేయమని రాసి తెచ్చిన కాగితం ఇచ్చాను. ఇన్నేళ్ళలో నా మీద నేను పెట్టుకున్న అర్జీ అదొక్కటే.

ఆమె చదవలేదు, తెలుగు కదా. నన్నే చదవమంది. చదివాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ జాలి కూడా నచ్చలేదు. అయినా ఈసారి రోషపడకుండా కాగితం ఆమె ముందు పెట్టాను.

లాప్‌టాప్ నా వైపు తిప్పింది. కొండల్లాంటి గీతలున్నాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూ. "ఇది మీ వీధి సార్. ఇప్పుడు మీ జవాబు తీసేస్తా ఉండా, చూడండి" అని ఏదో నొక్కింది.

గీతలు కదిలినట్టు నాకు కనబడలేదు. "తీశావా?" అన్నాను.

"తీసేశాను సార్. మీ వీధిలో మేం అడిగినవాళ్ళంతా అదే చెప్పారు. మోకాలంటే కొంచెం. మీ ఒక్కరిది తీసినా ఏమీ మారదు." లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, "మీ మీద మీరు కోపం పెట్టుకోబాకండి సార్. మీ వల్ల కాదు" అంది.

ఓదార్పుగానే అంది. కాని నాకది అందరూ అన్న మాటలకంటే పెద్ద అవమానంగా తోచింది. ఇరవై ఏళ్ళు నా ఫిర్యాదు ఎవరికీ లెక్కలోకి రాలేదు. ఇప్పుడు నా తప్పు కూడా లెక్కలోకి రాలేదు.

వీధిలో అందరూ ఒప్పుకుని మళ్ళీ చెబితే మార్చవచ్చని ఆమె ఒక ఫారం ఇచ్చింది. మోకాటి లోతు ఎక్కువే అని ఉన్న వాక్యం కింద సంతకాలు చేయాలి. ఇల్లిల్లూ తిరిగాను. నిన్న మొన్న వరకు పరుపులు ఎండబెట్టుకున్నవాళ్ళే, "ఎందుకు సార్ మళ్ళీ" అన్నారు. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళను అడగమన్నారు. ఎదురింటాయన ఫారం చదివి మడత పెట్టి నా చేతికే ఇచ్చాడు.

"మేడ మీద వాటా ఖాళీగా ఉండాది సామీ. పొంగల్‌కి జనం చూడను వస్తారు. మీరే గదా ఆ రోజు కొంచెమని చెప్పింది? ఆ మాట మీదే ఉండండి."

ఫారం మీద నాదొక్కటే సంతకం. పట్టుకుని మాధవరం వెళ్ళాను, అక్కదైనా చేర్చుదామని. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది. కిటికీ పక్కన మంచం. అక్క ముఖం తేటగా ఉంది. అది చూసి సంతోషించాలి. నాకు చాతకాలేదు.

ఫారం చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. దిండు కింద నుంచి తను ఒక కాగితం తీసింది. రేషన్ కార్డులో నా ఇంటి నుంచి తన పేరు తీసి కూతురి కార్డులో కలపమని రాసిన దరఖాస్తు. కింద ఇంటిపెద్దగా నా సంతకానికి చోటు వదిలి ఉంది.

"నీళ్ళు పోయినాయి అక్కా. ఇల్లు కడిగించాను. రేపు కారు తెస్తా" అన్నాను.

"ఇల్లు కడిగితే సరిపోతాదారా?" అంది. "ఆ రెండు దినాలు మంచం మీద నేనెట్ట కూచున్నానో నీకు తెలుసు. మళ్ళా వానొస్తాది. మళ్ళా నువ్వు ఫోన్ చేస్తావు. ఇంక నా వల్ల కాదు. ఈడ చెయ్యి."

"ఆ ఆఫీసులో ఇంకా పై అధికారి ఉన్నాడు. ఆయనకు రాస్తే..."

"పెన్ను ఉండాదా, తెమ్మందునా?"

నా జేబులో ఎప్పుడూ పెన్ను ఉంటుంది. తీసి, ఆమె వేలు చూపించిన చోట సంతకం చేశాను. ఇక్కడ ఎక్కువ, కొంచెం అనేవి లేవు; ఉండటం, లేదా ఉండకపోవడం. ఆ కాగితం ప్రకారం మా అక్క ఆ ఇంట్లో లేదు.