మామ అడిగిన కొసరు పలక

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మామ చేపల వ్యాపారి. ఆయన దగ్గర తూకం అయ్యాక ఇంకో చేప గంపలో పడితేగానీ బేరం ముగిసినట్టు కాదు. అదే కొసరు. కొసరు వెయ్యనివాడు ఎంత కోటీశ్వరుడైనా ఆ వీధిలో మనిషి కింద లెక్క కాదు.

నేను ఇళ్ల మీద సోలార్ పలకలు బిగిస్తాను. చేపల ఫ్రీజర్ల కోసం కిందటి వేసవిలో మామ డాబా మీద పదకొండు పలకల్ని ఒకే వరసగా కలిపాను. దారిలో ఏదైనా పగిలితే పనికొస్తుందని తెచ్చిన పన్నెండోది వ్యానులో మిగిలింది. దాని మీద మామ కన్ను పడింది.

"అదీ తగిలించీ అల్లుడూ, కొసరు," అన్నారు నవ్వుతూ. చుట్టూ బంధువులు.

కుదరదన్నాను. వరసలో పలక చేరినకొద్దీ వోల్టేజి పెరుగుతుంది, ఆరువందలు దాటితే ఇన్వర్టరు తట్టుకోలేదు.

మామ నా చేతిలోని వోల్టు మీటరులోకి తొంగి చూశారు. ఐదువందల చిల్లర. "ఇంకా బోలెడు ఖాళీ ఉన్నాది గదేటి?"

ఆ ఖాళీ ఎండ చలవే. పలక వేడెక్కితే వోల్టేజి తగ్గుతుంది. పుష్యమాసంలో చల్లటి పొద్దున ఎండ తగలగానే పైకి లేస్తుంది. ఆ పొద్దుటి కోసమే పలకలు లెక్కగట్టాలి. ఇదంతా చెప్పాను. చెమటలు కక్కుతున్న జనానికి చలి గురించి చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది.

"ఎంగిలి సేత్తో కాకినైనా తోలడు మన అల్లుడు," అంది అత్త చెల్లెలు. మామ తప్ప అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పలకతో తిరిగొస్తుంటే దొంగసొత్తు మోస్తున్నట్టే ఉంది.

ఆ అవమానం నాకు అరగలేదు. పుష్యమాసం కోసం కాచుక్కూర్చుని, మంచు పట్టిన ఒక పొద్దున డాబా ఎక్కి, ఎండ తగలగానే ఇన్వర్టరు తీగలు విడదీసి మీటరు పెట్టాను. ఐదువందల అరవై. పన్నెండోది ఉంటే ఇంకో యాభై చేరి, ఆరువందలు దాటి ఇన్వర్టరు పోయేదే! ఎగిరి గంతేసినంత పని చేశాను.

"మావా, ఓసారి పైకి రండి!" అని వీధంతా వినబడేలా కేకేశాను.

కింద చేపలు కొంటున్న పక్కింటామె తలెత్తింది. పలకలు బిగించిన రోజు ఆవిడ ఊళ్లో లేదు.

"ఏటి బావూ, మిగిలిన పలక మళ్లీ తెచ్చినావేటి? అప్పుడు నువ్విస్తానంటే మీ మావే ఒద్దన్నాడట గదా. మా అల్లుడిది పెద్ద సెయ్యని అందరికీ సెప్పుకున్నాడు."

వేసవిలో పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది? నా లెక్క ఆయనకి అర్థం కాలేదు. నమ్మారో లేదో కూడా తెలీదు. అయినా నా పరువు కాచారు. నేనేమో ఆయన్ని నలుగురిలో ఓడించడానికి మీటరు పట్టుకుని నిలబడ్డాను.

మామ మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. గబగబా మీటరు ఆపి సంచిలో పడేశాను.

"ఏటి అల్లుడూ, పిలిసినావు?"

"ఏం లేదు మావా," అన్నాను సముద్రం వైపు చూస్తూ. "టీ తాగారా అని."