డ్రమ్ము మీద బొట్టు

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, దసరా ఇంకా కొద్ది రోజులుందనగా, బంబై నగరంలో, కామాఠిపురాలోని ఒక లాండ్రీలో ఎలక్ట్రానిక్ బ్రేకు బిగించే పని మా ఆఫీసుకు వచ్చింది. అప్పటికి నేను మోటారు కంట్రోల్ పరికరాలు తయారుచేసే కంపెనీలో సీనియర్ సర్వీస్ ఇంజనీరును. ఆ హోదా వచ్చినవాళ్లు సాధారణంగా కుర్చీలో కూర్చుని జూనియర్లను సైటుకు పంపుతారు. చిరునామా చూసి నేనే వెళ్తానన్నాను. నేను పుట్టిన చాల్, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత భవనం, ఆ లాండ్రీకి రెండు గల్లీల అవతలే. మా తాత తెలుగునేల నుంచి ఈ నగరానికి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. మేం వర్లికి మారి చాలా కాలమైనా, గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగితే నా కాళ్లు వాటంతటవే ఆ గల్లీల వైపు తిరుగుతాయి.

నా వృత్తి గురించి చెబితే బంధువులు నవ్వేవాళ్లు. మోటారు తిప్పడానికి ఇంజనీరు కావాలంటే సరే, ఆపడానికి కూడా ఒక ఇంజనీరా, స్విచ్చు ఆర్పితే అదే ఆగదా అని. ఆగుతుంది, కానీ దానికి తోచినప్పుడు ఆగుతుంది. బరువైన చక్రానికో రంపానికో తగిలించిన మోటారు, కరెంటు తీసేశాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు మాత్రం దాదాపు ఉండదు. నడుస్తున్న యంత్రం దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం స్విచ్చు ఆర్పిన తర్వాత జరిగినవే.

ఈ లాండ్రీలో ఉన్నది తడి బట్టల నీళ్లు పిండే యంత్రం. లాండ్రీవాళ్లు దాన్ని హైడ్రో అంటారు. చిల్లులున్న పెద్ద స్టీలు డ్రమ్ములో హోటళ్ల దుప్పట్లు వేసి గిర్రున తిప్పితే నీళ్లన్నీ బయటికి చిమ్మేస్తాయి. మూత ఎత్తితే మోటారుకు కరెంటు పోయే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. దాన్ని ఎవరో వైరు చుట్టి పనిచేయకుండా చేశారు. స్విచ్చు ఆర్పి, మూత ఎత్తి, తడి గోనెసంచిని మడిచి డ్రమ్ము అంచుకు అదిమిపెట్టి ఆపడం అక్కడి అలవాటు. ముందటి ఏడాది ఆ గోనెసంచి బాలయ్య అనే ఆపరేటరు కుడిచేతిని తనతో పాటు లోపలికి లాక్కుపోయింది. చెయ్యి దక్కింది గాని మోచెయ్యి మళ్లీ వంగలేదు. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇప్పుడు అదే యంత్రం ముందు అతని భార్య సాయమ్మ నిలబడుతోంది. ఆ ఇంట్లో పనిచేయగల చేతులు ఇక ఆమెవి రెండే.

లాండ్రీ యజమాని గంగారాం నా చిన్ననాటి గల్లీవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. నేను తెచ్చిన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "నర్సింగన్నా, గీ డబ్బ పెడ్తె మషీన్ లగేచ్ ఆగుతదా?" అన్నాడు. లగేచ్ అంటే మరాఠీలో వెంటనే. మా గల్లీ తెలుగులో అది ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్చు దింపి, దానికి నా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవడం మా నియమం. ఎవరు ఎంత అడిగినా పని ముగిసేదాకా అది జేబులోంచి బయటికి రాకూడదు. ఆ తర్వాత మోటారు తీగచుట్టల నిరోధం కొలిచి, బ్రేకుకు ఎంత కరెంటు ఇవ్వవచ్చో లెక్క కట్టాను. మోటారును నడిపే కాంటాక్టరూ, అంటే కరెంటును కలిపి విడదీసే స్విచ్చూ, బ్రేకు కాంటాక్టరూ ఒకేసారి మూసుకోకుండా ఒకదానితో ఒకటి ముడిపెట్టాను. రెంటికీ మధ్య ఒక చిన్న విరామం కూడా పెట్టాలి. కరెంటు తీసిన మోటారులో కొంత అయస్కాంతత్వం ఇంకా మిగిలి ఉంటుంది. అది చల్లారకముందే బ్రేకు వేస్తే పెట్టెలో బ్రేకు కరెంటును అదుపుచేసే థైరిస్టర్లు కాలిపోతాయి.

ఇందులోని కీలకం చెప్పడానికి తేలిక. మూడు ఫేజుల కరెంటు మోటారు చుట్టల్లో ఒక అయస్కాంత క్షేత్రాన్ని గుండ్రంగా తిప్పుతుంది. మధ్యలోని రోటరు దాని వెంట పరుగెత్తుతుంది. ఆ కరెంటు తీసేసి అవే చుట్టల్లోకి ఒకే దిశలో పారే డీసీ కరెంటు పంపితే క్షేత్రం ఉన్నచోటనే నిలిచిపోతుంది. రోటరు ఇంకా పరుగులోనే ఉంటుంది గనుక, నిలిచిన క్షేత్రం దాన్ని వెనక్కి లాగుతుంది. రాపిడి లేదు, అరిగేది లేదు. పరుగులోని శక్తంతా వేడిగా మారిపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. తిప్పిన తీగే ఆపడం ఏ ఒక్కరోజూ నాకు మామూలు విషయంగా తోచలేదు.

ట్రయల్ రోజున ఆ ఆశ్చర్యం రెట్టింపైంది. భర్తకు దెబ్బ తగిలినప్పటి నుంచి సాయమ్మ రోజూ పొద్దున యంత్రం వేసే ముందు డ్రమ్ము పైఅంచుకు కుంకుమ బొట్టు పెట్టి, ఆ చెయ్యి కళ్లకద్దుకునేది. ఆ రోజూ పెట్టింది. మూతకున్న దళసరి గాజులోంచి నేను చూస్తున్నాను. డ్రమ్ము వేగం అందుకోగానే బొట్టు మాయమై అంచు చుట్టూ ఒక ఎర్రటి గీత ఏర్పడింది. స్టాప్ నొక్కాను. మోటారు లోపల్నుంచి సన్నటి మూలుగు వినిపించింది. పాత పద్ధతిలో ఒక బీడీ కాల్చి పారేసేంతసేపు తిరిగే డ్రమ్ము, మనసులో పది లెక్కపెట్టేలోపు నిలిచిపోయింది. గీత మళ్లీ బొట్టయింది. ఎన్ని మోటార్లు ఆపినా, ఆపడమనేది అంత స్పష్టంగా కంటికి కనిపించడం నాకు అదే మొదటిసారి.

సాయమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"ఎవ్వలు పట్టుకుండ్రు సారూ దాన్ని?" అంది.

ఎవరూ పట్టుకోలేదనీ, తిప్పే కరెంటునే వేరే రకంగా పంపితే అదే ఆపుతుందనీ చెప్పాను. "నాకైతె బుగులైతుంది," అంది. నమ్మకం కుదరక కాదు, ఎప్పుడూ ఆగుతుంది కదా అని, ఆగని రోజు కూడా చెయ్యి దానంతటదే లోపలికి పోతుందేమోనని ఆమె భయం. బాలయ్య చెయ్యి కూడా అలాగే, అలవాటుగానే లోపలికి పోయింది.

ఆ భయానికి ఆధారం ఉంది. డీసీ బ్రేకు కరెంటు మీద పనిచేసేది. కరెంటే పోతే బ్రేకూ లేదు, డ్రమ్ము పాత పద్ధతిలోనే తిరుగుతూ ఉంటుంది. ఈ మాట ఇద్దరికీ విడమరిచి చెప్పాను. గంగారాం నవ్వి, "బంబైల కరెంటు యాడికి పోతది అన్నా," అన్నాడు. నేను నవ్వలేదు. మూతకు కొత్త గడియ బిగించాను. దాన్ని స్ప్రింగు మూసి ఉంచుతుంది. డ్రమ్ము ఆగిందని కింద ఉన్న సెన్సరు చెప్పాకే కరెంటు దాన్ని లాగి తెరుస్తుంది, పచ్చదీపం వెలుగుతుంది. కరెంటు పోతే గడియ మూసుకునే ఉంటుంది. తప్పనిసరి వేళ చేత్తో తెరవడానికి ఒక తాళంచెవి ఉంటుంది. అది యజమాని దగ్గర ఉండడం రివాజు.

ఇక మిగిలింది ఆ తాళంచెవే. కరెంటు పోయినప్పుడు దీపమూ ఉండదు, సెన్సరూ ఉండదు. డ్రమ్ము ఆగిందో లేదో ఎవరు చెప్పాలి? నాకు బొట్టు గుర్తొచ్చింది. అయితే కుంకుమ రాలి తెల్ల దుప్పట్లకు అంటుతోందని గంగారాం అంతకుముందే గొణుగుతున్నాడు. అందుకని దసరా రోజు, ఆయుధపూజకు యంత్రాలన్నీ ఆపి ఉన్నప్పుడు, ఆయిల్ పెయింటు తెప్పించాను. పూజకు బాలయ్య కూడా వచ్చాడు. వంగని కుడిచేతిని పక్కకు వేలాడేసుకుని, ఎడమచేత్తో డ్రమ్ము అంచు మీద అరచేయంత పసుపు రంగు గుండ్రంగా పూశాడు. అలవాటు లేని చెయ్యి కావడంతో అంచులు వంకర పోయాయి. అయినా బ్రష్షు ఎవరికీ ఇవ్వలేదు. ఆరాక మధ్యలో సాయమ్మ ఎర్రరంగుతో బొట్టు పెట్టింది.

ఒక జాగ్రత్త చెప్పాను. ట్యూబులైటు వెలుగు కంటికి కనిపించకుండా వెలిగి ఆరుతూ ఉంటుంది గనుక, దాని కింద కొన్ని వేగాల్లో తిరిగే గుర్తు కూడా నిలిచినట్టే కనిపిస్తుంది. కాబట్టి కరెంటు ఉన్నంతసేపూ పచ్చదీపాన్నే నమ్మాలి. కరెంటు పోయి, కిటికీలోంచి వచ్చే పగటి వెలుగే మిగిలినప్పుడు బొట్టును నమ్మాలి.

పండుగ మర్నాడు యంత్రాన్ని అప్పగించడానికి వెళ్లాను. పక్కన పాత చాల్ కూల్చి కొత్త టవరుకు పునాది తవ్వుతున్నారు. డ్రమ్ము నిండా దుప్పట్లతో పూర్తి వేగంలో ఉండగా ఆ తవ్వే యంత్రం భూమిలో ఉన్న కేబులును తెంపింది. లాండ్రీలో దీపాలూ, పంపులూ, ఆరబెట్టే యంత్రాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను అటు చివర స్విచ్‌బోర్డు దగ్గర ఉన్నాను.

బయట హోటలువాళ్ల టెంపో నిలబడి ఉంది. గంగారాం కాసేపు అటూ ఇటూ తిరిగి, మూతకు చెవి ఆనించాడు. చప్పుడు లేదు. తాళంచెవి తీసి సాయమ్మ చేతిలో పెట్టి తెరవమన్నాడు. ఆ మాట విని నేను తడి బట్టల బండ్లను తోసుకుంటూ పరుగందుకున్నాను. నేను చేరేలోపే ఆమె గాజు మీదికి వంగి చూసి, తాళంచెవి గుప్పిట్లో మూసుకుంది.

"లేదు సేటూ. బొట్టు కనవడ్తలేదు. గీతె ఉన్నది."

"అరే, బాహర్ టెంపో ఖడా హై."

"ఉండనీ. బొట్టు రానీ."

ఆమె గుప్పిట విడలేదు. నేను వెళ్లి గాజులోకి చూశాను. రెండు పసుపు గీతల మధ్య ఒక ఎర్రగీత, కదలిక అనేదే లేనట్టు, సద్దు లేకుండా తిరుగుతోంది. గంగారాంను కూడా వంగి చూడమన్నాను. చూశాడు. ఆ తర్వాత అతను టెంపో మాట ఎత్తలేదు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. కాసేపటికి గీత పలచబడింది, అక్కడక్కడా తెగింది. తర్వాత బొట్టు ఒక్కొక్కసారి గాజు ముందు నుంచి వెళ్లడం మొదలైంది, మొదట చరచరా, పిదప నింపాదిగా. చివరికి వచ్చి, కొంచెం వెనక్కి ఊగి, నిలబడింది. బాలయ్య పూసిన వంకర అంచు కూడా స్పష్టంగా కనిపించింది. అందరి ముందూ నేను చేతులు జోడించాను. ఎందుకు జోడించానో అప్పుడు ఆలోచించలేదు.

సాయమ్మ తాళం తిప్పి మూత ఎత్తింది. రెండు చేతులా దుప్పట్లు తీసి బండిలో వేసింది. పని అయ్యాక తాళంచెవి తిరిగి ఇవ్వబోతే గంగారాం తీసుకోలేదు. "నీ తాననె ఉండనీ," అన్నాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

బ్రేకు యంత్రాన్ని ఆపుతుంది. అది ఆపలేని వేళ కూడా ఒకటి వస్తుంది. ఆ వేళ కోసం, కరెంటు లేకుండా కనిపించే ఒక గుర్తునూ, యజమానికి ఎదురుచెప్పగల ఒక మనిషినీ సిద్ధం చేయడం కూడా బిగించే పనిలో భాగమేనని నాకు అక్కడ తెలిసింది. ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లూ ఇలాంటి ప్రతి సైటులోనూ డ్రమ్ముకో చక్రానికో ఒక గుర్తు వేయించాను. అప్పగించే రోజున, యంత్రం పూర్తి వేగంలో ఉండగా మెయిన్ స్విచ్చు దింపేవాణ్ణి. మూత తెరవమని ఆపరేటరుకు చెప్పమని యజమానిని అడిగేవాణ్ణి. ఆపరేటరు చూసి, "ఇంకా లేదు" అన్నాకే కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి.