అడిగితేనే సరిగ్గా చెప్పే కంప్యూటర్

ఆ రోజుల్లో తప్పు చేసిన మనిషినైతే ఎదురుగా నిలబెట్టి అడిగేవాళ్లం. తప్పు చేసిన కంప్యూటర్‌ను మాత్రం పోస్టులో బతిమాలుకోవలసి వచ్చేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన కాలం. చెన్నూరులోని కాలువ సర్వే ఆఫీసులో నేను కొత్త ఓవర్సీరును. బొంబాయిలో కొన్ని వారాలు శిక్షణకు వెళ్లివచ్చిన పాపానికి ప్రోగ్రాం రాయడం తెలిసినవాడినని పేరు పడింది (తెలిసినంత మట్టుకు తెలుసు). కాలువ పొడవునా ఒక్కో మలుపు దగ్గర నీళ్లు ఎంత లోతుంటాయో లెక్క కట్టాలి. ఒక మలుపు లోతు తేలితే గానీ తర్వాతి మలుపు లోతు తేలదు. మనుషులు కూర్చుంటే నెలలు పట్టే ఆ పనిని కంప్యూటర్ చేత చేయిస్తానని మా పెద్దసారు దగ్గర గొప్పలు పోయాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "మంచిదే బిడ్డా. హైదరాబాదు నుంచి తనిఖీకి పెద్దోళ్లు వచ్చెటాళ్లకు లెక్క నా టేబుల్ మీద ఉండాలె. లేకుంటే బోథ్ అడవిల గొలుసు వట్టుకొని భూమి కొలుసుకుంట తిరుగుతవ్" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవే జరుగుతాయని ఆఫీసంతా ఎరుగును.

నేను కాగితం మీద రాసి పంపిన ప్రోగ్రాంను బొంబాయిలో ఉన్న సుల్తానాబాద్ దోస్తు, నా చిన్ననాటి సావాసగాడు, అట్టముక్కల మీద రంధ్రాలు కొట్టించి అక్కడి కంప్యూటర్‌కు తినిపించేవాడు. మొదటి జవాబు వచ్చింది. చూస్తే కాలువ చివర నీళ్లు తాటిచెట్టంత లోతు! వరుస వరుసా చేత్తో సరిచూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. సరే, ప్రతి మలుపు దగ్గరా లోతు ఎంతో అచ్చు వేసి చూపించమని ప్రోగ్రాం మధ్యలో ఒక వరుస చేర్చి పంపాను. ఈసారి అన్నీ సరిగ్గా వచ్చాయి! సంతోషం పట్టలేక ఆఫీసుకంతా మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఇక చూడవలసిన పని లేదని ఆ వరుస తీసేసి పంపితే మళ్లీ తాటిచెట్టు. చేరిస్తే సరి, తీస్తే తప్పు. బాపు చూస్తున్నంతసేపూ గట్టిగా చదివి, ఆయన వీధిలోకి పోగానే పుస్తకం మూసే పిల్లవాడి తీరు అది. (ఆ వరుస ఉంచేసి ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఎందుకు సరిగ్గా వచ్చిందో తెలియని లెక్కను నమ్మి కాలువ తవ్వించే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.)

తనిఖీ దగ్గరపడింది. పోస్టును నమ్ముకుంటే బోథే గతి అని తెలిసి, పోస్టాఫీసుకు వెళ్లి బొంబాయికి ట్రంకు కాల్ పెట్టించాను. చాలాసేపటికి దోస్తు గొంతు బావిలోంచి వచ్చినట్టు వినబడింది.

"అరేయ్, గా కంప్యూటర్‌కు ఏం రోగమొచ్చిందిరా? నేను చూస్తే ఒక తీరు, చూడకుంటే ఒక తీరు!" అని అరిచాను.

"జర మెల్లగ ఒర్లు. దానికేం కాలే. ఇక్కడ ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తరు. నీ ప్రోగ్రాంను అది తన భాషల రాసుకునేటప్పుడు, పని జల్ది కావాలని ముందటిది ఎనుకకు, ఎనుకటిది ముందటికి జరుపుకుంటది."

"మరి నడుమ ఆపి చూడరాదు?"

"చూడలేదనుకున్నవా? నువ్వు రాసిన మూడో వరుస ఎక్కడ పోయిందో దొరుకుతలేదు. సగం మొదట్ల ఉన్నది, సగం ఆఖర్ల ఉన్నది."

"అయితే గా ఆప్టిమైజేషన్ తీసేసి నడుపు!"

"తీస్తే లెక్క సక్కగనే వస్తది. కని పొద్దంతా తింటది. ఇక్కడ ఎవ్వలు ఒప్పుకోరు."

నా వెనక వరుసలో నిలబడ్డ పత్తి సేటుకు ఓపిక నశించింది. "ఓ సారూ, జర కానియ్యరాదు! రోగం దానికంటివి, పరేషాన్ అంతా నీకేనాయె. నేను మా అల్లునితోని మాట్లాడాలె!" అన్నాడు.

ఫోను పెట్టేయబోతుంటే దోస్తు అడిగాడు: "ఔగని, పాత లోతుకు, కొత్త లోతుకు రెండు పేర్లు పెట్టి, అంకె దాసే డబ్బా మాత్రం ఒకటే ఎందుకు ఇచ్చినవ్‌రా?"

ఇదేం ప్రశ్న? మా ఆఫీసులో ఎవరైనా అంతే చేస్తారు. కాగితం దండగని పెద్దసారు మాకు లెక్కలన్నీ పలక మీద నేర్పారు. పాత అంకె తుడిచి అదే చోట కొత్తది రాయాలి. "కొత్తది వచ్చినంక పాతదానితోని ఏం పనిరా?" అనేవారు. నేను కంప్యూటర్‌కూ అదే నేర్పాను. అదంతా చెబితే దోస్తు పకపకా నవ్వాడు. "అది మీ పలకను చూడదురా! రెండు పేర్లున్నయి గదా, రెండు డబ్బాలు అనుకున్నది. జల్ది పని కావాలని పాత అంకెను చేతులనే పట్టుకొని కూసున్నది. నువ్వు అచ్చెయ్యమన్నప్పుడే చేతులది కింద పెట్టి, మళ్ల డబ్బాలకెళ్లి తీసుకుంటది. అందుకే అప్పుడు సక్కగ వస్తది."

రెండు లోతులకూ వేరు వేరు డబ్బాలు ఇచ్చాం. హైదరాబాదు పెద్దలకు చాయ్ పోస్తుండగా బొంబాయి నుంచి కాగితాల కట్ట వచ్చింది. అచ్చు వేయమని అడగకుండానే లెక్కంతా సరిగ్గా ఉంది. పెద్దసారు తన స్లైడ్ రూలుతో నాలుగు మలుపులు సరిచూసి తల ఊపారు. వచ్చినవాళ్లు నా భుజం తట్టి మరీ వెళ్లారు.

సాయంత్రం పెద్దసారు పిలిచారు. "శభాష్ బిడ్డా! నా ఇజ్జత్ నిలబెట్టినవ్. ఇగ లెక్కలన్నీ అదే చేస్తది గద, నీకు గీ కుర్సీల పనేమున్నది? బోథ్ల మనుషులు తక్కువైండ్రు. సోమవారం పో." ఈసారీ నవ్వుతూనే అన్నారు.

ఆనాటి డైరీలో 'అన్యాయం' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. రెండో గీతకు కాగితం చిరిగింది. ఇప్పుడు ఆ చిరుగు మీద వేలు పెడితే, అంత కోపం తెచ్చుకున్న ఆ పిల్లవాడు ముద్దొస్తాడు. లెక్క తప్పు వస్తున్నన్నాళ్లే తనకు ఆఫీసు నీడలో చోటుందని వాడికి తట్టలేదు పాపం. తట్టి ఉంటే ఆ తప్పును ఇంకొన్నాళ్లు తీరిగ్గా వెతికేవాడు.