ఎక్కిన గేర్లోనే దిగాల

అరకులో కారు సర్వీసింగుకిచ్చి షెడ్డు ముందు కూర్చున్నాను. మెకానిక్ భార్య ఓపెన్ డిగ్రీ పరీక్షకి చదువుకుంటోంది. నేను ఇంగ్లీషు టీచర్నని తెలిసి, "డ్రైవ్‌కి మూడు ఫామ్‌లేటి మేడం?" అంది. డ్రైవ్, డ్రోవ్, డ్రివెన్ అని చెప్పి, మూడుసార్లు అప్పజెప్పేదాకా ఆమెని వదల్లేదు. అలవాటు మరి.

ఈలోగా మెకానిక్ మాడిపోయిన బ్రేకు ప్యాడ్లు తెచ్చి చూపించాడు.

"నిన్న ముంచింగిపుట్టు నుంచి వచ్చానన్నారు కదా, ఘాటు రోడ్డు ఏ గేర్లో దిగారు మేడం?"

"నాలుగులో. బ్రేకు నొక్కుకుంటూ."

"ఇంకో ఘాటు దిగితే బ్రేకు పడీది కాదు. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల."

కొత్త ప్యాడ్లు వేశాక కారు తాళం అతని భార్య తీసుకుంది.

"ఆ గేరు మాట ఓపాలి అప్పసెప్పండి మేడం."

చెప్పాను. చెయ్యి చాపాను.

"ఇంకా రెండుసార్లుంది" అంది.